లోయిక్ తాలూకు మనిషి

పొద్దున షెడ్డులో అడుగుపెట్టినవాడు అక్కడున్న అందరికీ వరసగా చేయి కలపాల్సిందే. చేతికి గ్రీజు ఉంటే పిడికిలి ముడిచి మణికట్టు చాపుతారు, ఎదుటివాడు దాన్నే పట్టుకుని ఊపుతాడు. ఫ్రాన్స్‌లో సెంట్ ఎతియెన్ ఊరి పొలిమేరలోని ఆ బస్సుల షెడ్డులో జుట్టు నెరిసిన మెకానిక్ అన్సెల్మ్. ఆ మంగళవారం తోటి మెకానిక్ ఫిర్మెన్ అతనికి మణికట్టు చాపాడు. ఇంకా పని మొదలే కాలేదు, ఫిర్మెన్ చేతులు శుభ్రంగా ఉన్నాయి. అతని వెనకవాడూ, ఆ వెనకవాడూ మణికట్లే చాపారు. అన్సెల్మ్‌కు విషయం అర్థమైంది. కోపం కన్నా భయమే ఎక్కువ వేసింది.

అన్సెల్మ్ పెళ్లి చేసుకోలేదు. తల్లి పోయేదాకా ఆవిడకు వండిపెట్టాడు, పోయాక తనొక్కడికీ వండుకున్నాడు. అతని జీవితంలో చెప్పుకోదగ్గది ఏదైనా ఉంటే, జోస్‌లెన్‌కు పని నేర్పడమే. ఆ జోస్‌లెన్ ఇప్పుడు షెడ్డుకు మేస్త్రీ, భార్యాపిల్లలున్నవాడు. చలికాలం మొదట్లో అన్సెల్మ్‌ను టైర్ల గుట్ట వెనక్కి పిలిచాడు.

"బాబాయ్, లోయిక్ మంచాన పడ్డాడు. మునుపు మన దగ్గర బండి నడిపేవాడు చూడు, వాడు. మగాళ్లతో తిరిగే మగాళ్లకొస్తుందని పేపర్లనిండా రాస్తున్నారే, ఆ కొత్త జబ్బు. వాడూ నేనూ..." మిగతాది మింగేశాడు. "వాడింటి మెట్లు నేనెక్కడం ఒక్కడు చూసినా నా కొంప మునుగుద్ది. నీకైతే అడగడానికి పెళ్లాం లేదు. కాస్త సూప్ ఇచ్చిరా."

పెళ్లాం లేకపోవడం ఇలా కూడా పనికొస్తుందని అన్సెల్మ్ అనుకోలేదు. అయినా గిన్నె పట్టుకుని వెళ్లాడు, ఆ తర్వాత రోజూ వెళ్తూనే ఉన్నాడు. లోయిక్ ముఖంలో కళ్లే మిగిలాయి. ఆ కళ్లు గిన్నె వైపు కాదు, అన్సెల్మ్ వెనక తలుపు వైపు చూసేవి.

"జోస్‌లెన్ రాలేదా?"

"షెడ్డులో ఊపిరి సలపనివ్వట్లేదయ్యా. వచ్చే వారం వస్తానన్నాడు."

చెప్పిన ప్రతిసారీ అన్సెల్మ్‌కు సిగ్గేసేది. ఈ కుర్రాడు కన్ను మూసేలోగా జోస్‌లెన్ ఒక్కసారి వస్తే చాలు. అంతకు మించి అతను కోరుకున్నదేమీ లేదు.

ఫిర్మెన్ మరదలు కాపురం కింది అంతస్తులోనే. ఇంకేం కావాలి? ఆ మంగళవారం నాటికి కబురు షెడ్డంతా పాకింది.

"ఏం బావా, మీ ఆయన కులాసాయేనా?" అన్నాడు ఫిర్మెన్ భోజనాల బల్ల దగ్గర. "పెళ్లెందుకు చేసుకోలేదా అని తెగ జుట్టు పీక్కున్నాం. కాపురం ఉందని చెప్తే సరిపోయేదిగా."

అందరూ నవ్వారు. జోస్‌లెన్ కాస్త ఆలస్యంగా, అందరికన్నా గట్టిగా నవ్వాడు.

అప్పటినుంచి అన్సెల్మ్ గ్లాసు బల్ల చివరికి పోయింది. షెడ్డులో అతను బట్టలు పెట్టుకునే బీరువా తలుపు మీద ఎవరో ఎర్ర రంగుతో బూతు రాశారు. అతను బస్సు కింద దూరితే జాకీ దగ్గర నిలబడాల్సినవాడు ఏదో పనున్నట్టు పక్కకు తప్పుకునేవాడు. మీద అంత బరువు, ఇనుము మూలుగు. వెల్లకిలా పడుకుని పైన ఎవరి బూట్లు కదులుతున్నాయో చూసుకుంటూ బోల్టులు బిగించేవాడు.

ఒక సాయంత్రం జోస్‌లెన్‌ను ఆపాడు. "ఒక్క మాట చెప్తే నేను గట్టెక్కుతా, నువ్వు మునుగుతావ్. చెప్పన్లే. నువ్వు మాత్రం ఒక్కసారి వాడి దగ్గరికెళ్లు."

"ఆదివారం వెళ్తా బాబాయ్. ఒట్టు."

వెళ్లలేదు. సోమవారం లోయిక్ పోయాడు.

శ్మశానానికి షెడ్డంతా వచ్చింది. బతికున్నప్పుడు ఎంత ఆడిపోసుకున్నా చావుకు మొహం చాటేసే ఊరు కాదది. లోయిక్ కన్నవాళ్లు మాత్రం రాలేదు. ఖననం జరిపించే నల్లకోటు పెద్దమనిషి గొంతు సవరించుకున్నాడు.

"పోయినాయన తాలూకు ఎవరండీ?"

అందరూ అన్సెల్మ్ వైపు చూశారు. అన్సెల్మ్ జోస్‌లెన్ వైపు చూశాడు. జోస్‌లెన్ తల వంచుకున్నాడు. చేసేదిలేక అన్సెల్మే వెళ్లి గోతి పక్కన నిలబడ్డాడు, పరామర్శకు జనం వరస కట్టారు.

ఫిర్మెన్ టోపీ తీసి అతని రెండు చెంపలూ ముద్దాడాడు. "నోటి దూల, బావా. మనసులో పెట్టుకోకు. ఎంతైనా నీ మనిషి."

ఆ వెనక జోస్‌లెన్. అతను చాపిన చేతిని అన్సెల్మ్ రెండు చేతులా పట్టుకుని వదల్లేదు.

"ఇటొచ్చి నా పక్కన నిలబడరా," అన్నాడు మెల్లగా. "నీ చోటిది."

జోస్‌లెన్ వెనక్కి చూశాడు. వరస చివర అతని భార్య గొడుగు పట్టుకుని ఎదురుచూస్తోంది.

"మీకు వచ్చిన కష్టం పెద్దదండీ, అన్సెల్మ్ గారూ," అన్నాడు అందరికీ వినబడేలా. చేయి విడిపించుకుని పక్కకు నడిచాడు. వెనకున్నవాడు ముందుకు జరిగాడు.