గ్లైకాల్ పెట్టని మట్టి

మా నాన్న ఖిదిర్‌పూర్ ఓడరేవు డాకుల్లో బస్తాలు మోసేవాడు. నేను బీయస్సీ పాసై, కలకత్తాలోనే ఒక మట్టి పరీక్షల లేబొరేటరీలో చేరాను. మా పైఅధికారి ఆంధ్ర నుంచి బదిలీ మీద వచ్చిన తెలుగాయన. మొదటి రోజే నా నోట "ఏటి సార్" అన్న మాట విని మొహం చిట్లించాడు.

"ఇదెక్కడి తెలుగమ్మా, డాకు తెలుగా?"

ఆయన తెలుగు శుభ్రంగానే ఉండేది. పని సంగతి వేరు.

మట్టిలో ఏ ఖనిజం ఉందో తేల్చడానికి ఓపిక కావాలి. నీళ్లలో కలిపి, ముతకది అడుక్కి దిగాక, పైనున్న సన్న మట్టినీళ్లను గాజుపలక మీద పోసి ఆరబెట్టాలి. దాన్ని ఎక్స్‌రే యంత్రంలో పెడితే కాగితం మీద శిఖరాలు గీస్తుంది. తర్వాత ఆ పలకనే గ్లైకాల్ అనే రసాయనం ఆవిరిలో మర్నాటి దాకా ఉంచి మళ్లీ తీయాలి. తడిస్తే ఉబ్బి, ఆరితే పగిలే మట్టి అయితే శిఖరం చోటు మారుతుంది. ఆఖరున కొలిమిలో కాల్చి మూడోసారి తీస్తే పింగాణీకి వాడే చీనా మట్టి శిఖరం మాయమవుతుంది. మా సారుకి మొదటిదే ఎక్కువ. కరెంటు పోతే అదీ లేదు. ఆ రోజుల్లో కరెంటు పోని రోజేది? చిటికెడు మట్టి వేళ్ల మధ్య నలిపి "చీనా మట్టే, రాసెయ్" అనేవాడు. నేను రాసేదాన్ని. ఆయన మీద ఎంత ఏవగింపో, రాసిన నా చేతి మీదా అంతే.

ఒకరోజు బడ్జ్ బడ్జ్ దగ్గరి పింగాణీ కార్ఖానా మేస్త్రీ వచ్చాడు. శ్రీకాకుళం మనిషి. సంచి నిండా పగిలిన కప్పులు.

"ఏటమ్మా, సీనా మట్టని కాయితం ఇచ్చినారు గదా. ఆరబెడితేనే పగిలిపోతన్నాయి. మట్టి తప్పా, నా సెయ్యి తప్పా?"

సారు పేపర్లోంచి తలెత్తలేదు. "చెయ్యే తప్పు. పంపించెయ్."

మేస్త్రీ తన చేతుల వంక చూసుకున్నాడు. నేను ఆయన దగ్గర పచ్చి మట్టి అడిగి తీసుకుని, ఎవరికీ చెప్పకుండా మూడు పరీక్షలూ చేశాను. రాత్రంతా గ్లైకాల్ పెట్టి తీస్తే శిఖరం జరిగింది. సగానికి సగం ఉబ్బే మట్టి. గ్రాఫులు సారు ముందు పెట్టాను. తలకిందులుగా పట్టుకుని చాలాసేపు చూసి సంతకం పెట్టాడు. కార్ఖానా వాళ్లు వేరే చోటి మట్టి తెప్పించుకున్నారు, కప్పులు నిలిచాయి.

కొన్నాళ్లకు ఆ గ్రాఫులే ఒక సెమినార్‌లో మా సారు సొంత పరిశోధనగా తెర మీద కనబడ్డాయి. వెనక వరసలో కూర్చుని విన్నాను. ఒక బెంగాలీ విద్యార్థిని లేచి, గ్లైకాల్‌లో ఎంతసేపు ఉంచారని అడిగింది. సారు గొంతు సవరించుకున్నాడు. నా వైపు చూశాడు. నేను ఫ్యాన్ వైపు చూశాను.

"అవి కింది స్టాఫ్ చూసుకునే చిన్న విషయాలు" అన్నాడు. చప్పట్లు కొట్టారు.

టీ దగ్గర ఆ అమ్మాయిని పట్టుకుని చెప్పాను, అరవై డిగ్రీల్లో రాత్రంతా అని. నోటుపుస్తకంలో రాసుకుని, "దీదీ, అప్పుడే ఎందుకు చెప్పలేదు?" అంది.

"ఆయన నీళ్లు నమలడం చూడాలనిపించింది" అన్నాను.

అన్నాక కొంచెం సిగ్గేసింది. ఎక్కువసేపు కాదు.