రేకు మీద పెయింట్

ఈ ఉదయం కంపెనీ బస్సు దిగగానే ఆయిల్ పెయింట్ వాసన ముక్కుకు తగిలింది. గేటు పక్కన పెయింటర్ ఒకతను రేకు బోర్డు మీద ఎర్రటి అక్షరాలతో ‘కావలెను’ అని రాస్తున్నాడు. నాలుగేళ్లుగా ఇక్కడ పనిచేస్తున్నాను, మా గేటుకు అలాంటి బోర్డు ఎప్పుడూ చూడలేదు. అక్కడే నిలబడిపోయాను. సువార్తమ్మ ఆంటీ గుర్తొచ్చింది.

పోతిరెడ్డిపల్లిలో ఆమెది మా పక్క పోర్షన్. పటాన్‌చెరు మందుల కంపెనీల్లో ఇరవై ఏళ్లు మాత్రలు ప్యాక్ చేసిన మనిషి. నేను బీఎస్సీ కెమిస్ట్రీ పూర్తిచేసి ఉద్యోగం వెతుకుతున్న రోజులవి. ఫోన్‌లో ఒక్కో కంపెనీ వెబ్‌సైట్ చూసి, వివరాలు డైరీలో రాసుకునేదాన్ని. ఎవరితోనూ మాట్లాడనక్కర్లేని పని కాబట్టి నాకది హాయిగా ఉండేది. చివరికి ఒక కంపెనీ ల్యాబ్‌లో ఉద్యోగం ఇస్తామంది. సోమవారం ఒరిజినల్ సర్టిఫికెట్లు తెచ్చి చేరమంది. సంతోషంగా ఆ కంపెనీ ఫొటోలు ఆంటీకి చూపించాను.

“గడ్డి మంచిగుంది, అద్దాలు మంచిగున్నయి,” అంది కళ్లజోడు సర్దుకుంటూ. “మనుషులేరే బిడ్డా?”

మర్నాడు షిఫ్టు వదిలే వేళకు నన్ను ఆ కంపెనీ ఎదుటి టీ కొట్టుకు తీసుకెళ్లింది. కంపెనీ గోడకు బిగించిన ‘కావలెను’ రేకు బోర్డు చూపించింది. “ఫ్లెక్సీ కడితే మనుషులు దొరకంగనే ఇప్పేస్తరు. రేకు మీద పెయింట్ ఏసిండ్రంటే ఏంది? వచ్చినోళ్లు నిలుస్తలేరు.” గేటు తెరుచుకుంది. బయటికొచ్చినవాళ్లంతా నా వయసువాళ్లే. ఒక్క నెరిసిన తల లేదు.

“గా పిల్లను అడుగు పో.”

“నాతోని కాదాంటీ. నువ్వే అడుగు.”

“ఓహో! రేపు డ్యూటీకి గూడ నన్నే పంపిస్తవా?”

రోడ్డు దాటి ఆ అమ్మాయిని, నాకే వినిపించని గొంతుతో, చేరి ఎన్నాళ్లయిందని అడిగాను. “మూడు నెలలు. ల్యాబ్‌ల నేనే సీనియర్,” అని నవ్వింది. తర్వాత గొంతు తగ్గించింది. “సర్టిఫికెట్లు ఇచ్చినవా? ఇయ్యకు. నావి ఆళ్ల దగ్గరనే ఉన్నయి. లేకుంటె ఎప్పుడో పోదును.”

సోమవారం వెళ్లలేదు. చేతికొచ్చిన ఉద్యోగం వదిలానని నాన్న రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నేను మాత్రం డైరీలో వెబ్‌సైట్ల బదులు గేట్ల గురించి రాయడం మొదలుపెట్టాను. ఆంటీకి మోకాళ్లు పట్టేసిన రోజుల్లో ఒక్కదాన్నే వెళ్లేదాన్ని. భానూర్ దారిలో ఒక చిన్న గేటు కనిపించింది. బోర్డు లేదు. తల నెరిసిన ఆడవాళ్లు టిఫిన్ డబ్బాలు ఊపుకుంటూ, ఒకరినొకరు ఆటపట్టించుకుంటూ బయటికొచ్చారు. బయోడేటా వాచ్‌మన్ చేతిలో పెట్టి వచ్చాను. నెలన్నరకు పిలిచారు. ఇంటర్వ్యూ చివర ఏమైనా అడగాలా అంటే, చేతులు ఒళ్లో దాచుకుని అడిగాను: “నాకు ముందు ఈ పనిలో ఎవరున్నారు సార్? ఎందుకు వెళ్లిపోయారు?”

మేనేజర్ పెన్ను పక్కన పెట్టాడు. “రిటైరయిందమ్మా. ఆమె కుర్చీలోనే కూర్చుంటావు.”

ఆ మాట చెబితే ఆంటీ, “ఇగ పో, చేరు,” అంది. అంతే.

ఆమె పోయి ఏడాది దాటింది. ఎవరినైనా ఏదైనా అడగాలంటే నాకిప్పటికీ జంకే. ఈ ఏడాది మా ల్యాబ్ నుంచి ముగ్గురు మానేశారు. వాళ్ల పేర్లు డైరీలో రాసుకున్నానే తప్ప, ఎందుకు మానేశారని ఎవరినీ అడగలేదు.

బోర్డు మీద చివరి అక్షరం ఇంకా తడిగానే ఉంది. అది ఆరకముందే వెళ్లి మేనేజర్ గది తలుపు తట్టాను.