కనురెప్పలు కూడా కనిపిస్తాయి, చూడండి!

వాదనలో ఓడిపోయి తల దించుకున్నవాళ్లను మీరు చాలామందిని చూసి ఉంటారు. వాదనలో గెలిచి, భుజం తట్టించుకుని, పైగా కాఫీ కూడా తెప్పించుకుని, ఆ తరవాత మొహం ఎక్కడ దాచుకోవాలో తెలియక తిరిగినవాణ్ణి చూశారా? చూడకపోతే ఇదిగో, కూకట్‌పల్లిలో నేనున్నాను. ఈ కథ పూర్తయ్యేసరికి మీరు నన్ను తిట్టుకుంటారు. మొహమాటపడకండి. మా ఆవిడ ముందే అన్నీ తిట్టేసింది కాబట్టి మీకు కొత్తవి దొరకడమే కష్టం.

నాకు ఫోటోల పిచ్చి. నలభై దాటాక కొందరికి మోకాళ్ల నొప్పులు మొదలవుతాయి, కొందరికి భక్తి మొదలవుతుంది. నాకు కెమెరా మొదలైంది. ఆఫీసులో ఫైళ్లు చూసి చూసి మసకబారిన కళ్లకు విందు చేద్దామని ఒక లెన్సు కొన్నాను. ఆనపకాయంత ఉంటుంది. దాంతో చూస్తే ట్యాంక్‌బండ్ మీద నిలబడినవాడికి గోల్కొండ మీద వాలిన పావురం పొద్దున ఏ గింజలు తిన్నదో తెలిసిపోతుంది. అతిశయోక్తి అనుకోకండి, మీరు నమ్మరేమోనని కొంచెం తగ్గించే చెప్పాను.

నాలాంటి పిచ్చివాళ్లందరం కలిసి ఒక ఆదివారపు బృందం పెట్టుకున్నాం. అందులో ఒక వకీలుగారున్నారు. ఎక్కడికెళ్లినా సెక్యూరిటీవాళ్లు మమ్మల్ని దొంగల్లా తరుముతున్నారని అందరం మొత్తుకుంటే, ఆయన ఒకరోజు దోశెల మధ్య మాకు పాఠం చెప్పారు. "రోడ్డు అందరిదీ. రోడ్డు మీద నిలబడి కంటికి కనిపించే బిల్డింగును నిక్షేపంగా ఫోటో తీసుకోవచ్చు. నిషేధించిన చోట్లు వేరు, అక్కడ బోర్డు ఉంటుంది. ప్రైవేటు గార్డుకు మీ కెమెరా లాక్కునే అధికారం లేదు. ఫోటోలు చెరిపించే అధికారమూ లేదు. అయితే ఒక్క మాట, ఎదుటివాడు కూడా ఉద్యోగం చేసుకుంటున్నవాడేనని..." అంటున్నారు. ఆ ఒక్క మాట దగ్గరే నేను చట్నీ కోసం లేచాను.

ఆ తరవాతి ఆదివారం తెల్లవారగానే మాదాపూర్‌లో దిగాను. వారమంతా కార్ల కింద నలిగిపోయే రోడ్డు ఆ పూట ఒళ్లు విరుచుకుని పడుకుని ఉంది. ఎదురుగా ఒక అద్దాల మేడ. అప్పుడే పైకొస్తున్న సూర్యుడు దాని మీద పడితే, మేడ మొత్తం పెనం మీద నెయ్యి వేసిన దోశెలా మెరిసింది. ఇటువైపు ఫుట్‌పాత్ మీద స్టాండు పాతి, కెమెరా బిగించి, వెలుతురు మారినప్పుడల్లా ఒకే కోణంలో వరసగా ఫోటోలు తీస్తూ పోయాను. నాకు ఆకలి తెలియలేదు, టైం తెలియలేదు.

చాలాసేపటికి ఒక గార్డు రోడ్డు దాటి పరిగెత్తుకొచ్చాడు. టోపీ వంకరగా ఉంది. ఒక బూటు లేసు నేల మీద ఈడ్చుకుంటోంది. చెంప మీద ప్లాస్టిక్ కుర్చీ అల్లిక అచ్చు పడి ఉంది. ఇవన్నీ నా కంట పడ్డాయి గానీ బుర్రలోకి వెళ్లలేదు. బుర్ర నిండా చట్టం ఉంది మరి.

"సార్, సార్! గిక్కడ ఫోటోలు తియ్యొద్దు సార్!"

"ఏ సెక్షన్ ప్రకారం?"

"ఆఁ?"

"ఏ చట్టం ప్రకారం తీయకూడదో చెప్పు."

"చట్టం గిట్టం నాకేం తెల్సు సార్. తియ్యనియ్యొద్దని చెప్పిన్రు."

"ఎవరు చెప్పారు?"

"పైనోళ్లు."

"ఆ పైవాళ్ల కింద ఉన్నది నువ్వు, నేను కాదు. నేను నిలబడ్డది ఫుట్‌పాత్. ఇది పబ్లిక్ ప్లేస్. నీ గేటు అటువైపు. అక్కడికి నేను రాను, ఇక్కడ నన్ను నువ్వు ఆపలేవు. కావాలంటే పోలీసులను పిలుచుకో!"

చెబుతున్నకొద్దీ నా గొంతు నాకే బాగా నచ్చింది. కోర్టు హాల్లో ఫ్యాన్లు ఆగిపోయి నన్నే వింటున్నట్టు అనిపించింది. వినడానికి అక్కడున్నది ఒక కుక్క. అది కూడా లేచి వెళ్లిపోయింది.

గార్డు గొంతు తగ్గించాడు. "సార్, మీరు తీసినయి తీసిన్రు. నేనేం అడుగుత లేను. జర ఇగ పోండ్రి. మేనేజర్ సార్ ఒచ్చే టైమయింది. నువ్వుండంగ బయటి మనిషి గింతసేపు ఎట్ల నిలవడ్డడని నన్ను పట్టుకుంటడు. గీ గేటు డ్యూటీ మస్తు తిరిగితే దొరికింది నాకు. ఇల్లు బోరబండలనే, నడిసి పోతా. ఇది పోతే యాడ పారేస్తరో."

"నువ్వేం భయపడకు. నీ మేనేజరుకు కూడా నేనే చెబుతాను."

"వద్దు సార్, చెప్పకుండ్రి! మా ఇంటామె నిన్ననే కాన్పయింది. ఆడపిల్ల. రాత్రంత దవాఖానలనే ఉండి సీదా డ్యూటీకొచ్చిన. ఇయ్యాల పరేషాన్ చెయ్యకుండ్రి, దండం పెడ్త."

నిజంగానే దండం పెట్టాడు. పాఠకులారా, స్టాండు మడిచి, ఆడపిల్ల పుట్టినందుకు శుభాకాంక్షలు చెప్పి, మెట్రో ఎక్కి ఇంటికొస్తే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. నేను మాత్రం, "శుభం! కానీ ఇది సూత్రానికి సంబంధించిన విషయం" అన్నాను. పెళ్లయి ఇన్నేళ్లయినా ఇంట్లో ఒక్క సూత్రం మీద కూడా నిలబడినవాణ్ణి కాదు నేను.

అంతలో మేనేజరు కారు వచ్చి ఆగింది. యాదయ్య (గార్డు పేరు అప్పుడు జేబు మీద చూశాను) నిటారుగా నిలబడ్డాడు. మేనేజరు దిగుతూనే, "ఏంటండీ ఇది? ఎవరి పర్మిషన్ తీసుకున్నారు? ముందు అవన్నీ డిలీట్ చేయండి" అన్నాడు.

నేను వకీలుగారి పాఠం మొదటి దోశె నుంచి చివరి దోశె దాకా అప్పజెప్పాను. అతను ఎవరికో ఫోన్ చేశాడు. అవతలివాళ్లు నేను చెప్పిందే చెప్పినట్టున్నారు. ఫోన్ జేబులో పెట్టేసరికి మనిషి మెత్తబడ్డాడు.

"సరేనండి, మీదే రైటు. ఊరికే, నా మనశ్శాంతి కోసం ఒకసారి ఫోటోలు చూపిస్తారా?"

"చూపించనక్కర్లేదు. అయినా చూపిస్తాను, మీరు మర్యాదగా అడిగారు గనక."

"మాట తీరు చూస్తే మీరు గోదావరి వైపువారిలా ఉన్నారే?"

"తణుకండి."

"అయ్యో, మాది పాలకొల్లండి బాబూ! ముందే చెప్పొద్దూ! యాదయ్యా, లోపల మెషీన్లో రెండు కాఫీలు పట్టుకురా!"

పక్క ఊళ్లవాళ్లం కలిశాక ఇక మాకు చట్టంతో పనేముంది? లాబీలో సోఫా మీద కూర్చున్నాం. కాలవగట్లు, పులసలు, బొబ్బట్లు, అన్నీ మాట్లాడుకున్నాం. నాకోసం బోరబండ మనిషి కాఫీకి పరిగెత్తాడన్న సంగతి మాకిద్దరికీ గుర్తు లేదు. మేనేజరు నా కెమెరా తెర మీద ఫోటో చూసి, తల ఊపి, "బావుందండి. మా అబ్బాయి ఫోన్లో కూడా ఇలాగే వస్తాయి" అన్నాడు.

ఫోటోల పిచ్చి లేనివాళ్లకు ఈ మాట ఎంత లోతుగా దిగుతుందో తెలియదు. నా వంశాన్ని తిట్టినా ఊరుకునేవాణ్ణి. ఆనపకాయంత లెన్సును పట్టుకుని ఫోన్ అంటాడా! మాలో ఎవడికైనా ఇలాంటి అవమానం జరిగితే ఒకటే మందు వేస్తాం. జూమ్.

"ఫోన్లోనా? ఇటు చూడండి. పై అంతస్తు మూల. పావురం. దాని కన్ను చూశారా?"

"అబ్బో!"

"ఈ అద్దం అంచు. బోల్టు మీద తుప్పు కూడా తెలుస్తోంది. మీ అబ్బాయి ఫోన్లో తెలుస్తుందా?"

"లేదండి, లేదు!"

"చాలామంది లెన్సులు మధ్యలో బాగుండి మూలల్లో మసకేస్తాయి. ఇది మూలమూలా పదునే. ఇదిగో, కింద మూల. గేటు. గేటు పక్కన కుర్చీ. కుర్చీ కింద విప్పిన బూట్లు, లేసులతో సహా. కుర్చీలో మనిషి. ఇంకా దగ్గరికి తెస్తాను... అదీ! కనురెప్పలు కూడా కనిపిస్తాయి, చూడండి!"

"కనిపిస్తున్నాయండి," అన్నాడు మేనేజరు నెమ్మదిగా. "మూసుకుని ఉన్నాయి."

నా నోటికి ఉన్న వేగం నా కంటికి ఉంటే ఎంత బాగుండేది! అప్పుడు చూశాను, ఆ మనిషిని. తల ఎత్తి చూస్తే అదే మనిషి రెండు కాఫీ కప్పులతో మా ముందు నిలబడి ఉన్నాడు.

"యాదయ్యా, ఇది నువ్వేనా?"

యాదయ్య తెర వైపు వంగి చూశాడు. "నేనే సార్."

నేను అడ్డం పడ్డాను. "అబ్బే, అది నిద్ర కాదండి! రెప్ప వేసిన క్షణంలో క్లిక్‌మని ఉంటుంది. ఫోటోల్లో మామూలే."

"మరి నోరు తెరిచి ఉందేంటి?"

"ఏదో మాట్లాడుతూ ఉంటాడు."

"ఎవరితోనండి?"

"...ఫోన్లో."

"చేతులు రెండూ ఒళ్లో ఉన్నాయి. సరే, తరవాతి ఫోటో చూద్దాం."

"అక్కర్లేదండి" అందామనుకున్నాను. పొద్దుట్నుంచి ఊదరగొట్టిన హక్కు అక్కరకు రావలసింది ఆ ఒక్క క్షణంలోనే. అది నోట్లోంచి వచ్చేలోపే అతను బటన్ నొక్కేశాడు. తరవాతి ఫోటో. ఆ తరవాతిది. ఆ తరవాతిది. వెలుతురు కోసం ఒకే కోణంలో తీసిన వరస అది. ఒక్కొక్క ఫోటోలో మేఘం జరిగింది. ఎండ కిందికి దిగింది. పావురం ఎగిరిపోయింది. యాదయ్య మాత్రం కదలలేదు.

"డిలీట్ చేసేస్తానండి!" అని అరిచాను. "మీరు అడిగారుగా? అన్నీ చేసేస్తాను! కార్డే ఖాళీ చేసేస్తాను!"

"వద్దండి. మిమ్మల్ని బలవంతం చేసే అధికారం నాకు లేదని మీరే చెప్పారు" అంటూ అతను జేబులోంచి ఫోన్ తీసి నా కెమెరా తెరను ఫోటో తీసుకున్నాడు. చాలా స్పష్టంగా వచ్చింది.

నిన్ననే బిడ్డ పుట్టిందని, రాత్రంతా ఆసుపత్రిలో ఉన్నాడని బతిమాలాను. పాలకొల్లు మీద ఒట్టు వేయించబోయాను. "నాకూ పైవాళ్లున్నారండి" అన్నాడు మేనేజరు. ఈ మధ్యలో యాదయ్య నా ముందున్న బల్ల మీద కాఫీ పెట్టాడు. "ఆరిపోతది సార్, తాగుండ్రి" అన్నాడు. ఆ కాఫీ ఎలా ఉందో అడక్కండి.

ఇంటికొచ్చి మా ఆవిడకు చెబితే, "ఏవండీ, ఆయన పొమ్మని దండం పెట్టాడు కదా, కాళ్లు లేవా మీకు?" అంది. ఇంకా చాలా అంది. అవి పత్రికలో వేసుకోరు.

కొన్నాళ్లకు, గేటు దగ్గర కొత్త గార్డును అడిగి ఇల్లు తెలుసుకుని, బోరబండ వెళ్లాను. యాదయ్యను ఊరవతల ఎక్కడో గోదాముకు మార్చారట. పోను ఒక పూట, రాను ఒక పూట. బిడ్డ మేలుకుని ఉండగా చూసే అదృష్టం సెలవు రోజునే. నన్ను చూసి తిడతాడనుకున్నాను. కుర్చీ వేశాడు.

"నిద్ర పోయింది నేనే గద సార్. మీరేం లేనిది పుట్టియ్యలే" అన్నాడు. తిట్టినా అంత నొప్పి పుట్టేది కాదు. మంచినీళ్ల గ్లాసు చేతికిచ్చి, "కానీ సార్, పోండ్రి పోండ్రి అని అన్నిసార్లంటి. పోతే అయిపోతుండె" అన్నాడు.

బ్యాగు తెరిచాను. "పాపకు మంచి ఫోటో తీసిస్తాను యాదయ్యా. పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి తెస్తాను."

లెన్సు ఇంకా పూర్తిగా బయటికి రాలేదు. లోపలి నుంచి ఒక ముసలామె, యాదయ్య తల్లి, ఉయ్యాలకూ నాకూ మధ్య వచ్చి నిలబడింది.

"ఏందది?"

"కెమెరా అమ్మా."

"లోపట వెట్టు. పురుడే కాలే ఇంక, ఫోటోలు దీస్తవా పిల్లను? దిష్టి దాకదా?"

"ఒక్కటే అమ్మా, దూరం నుంచి..."

"గా గుమ్మం అవుతల్నే ఉండు."

గుమ్మం అవతల నిలబడ్డాను. అది బజారే. అందరి దారే. అక్కణ్ణుంచి ఉయ్యాల చక్కగా కనిపిస్తోంది, నా లెన్సుకు అది లెక్కలోకి వచ్చే దూరం కూడా కాదు. యాదయ్య నా మొహం చూశాడు. పెదాల చివర మొట్టమొదటిసారి నవ్వు కదిలింది.

"ఏంది సార్, సప్పుడు చేస్త లేరు? చెప్పుండ్రి గామెకు, మీ లా పాయింట్లు!"

నేను బ్యాగు జిప్పు వేసేశాను. పురుడయ్యాక తప్పకుండా ఫోన్ చేస్తానని యాదయ్య నా నంబరు రాసుకున్నాడు. ఆ పిల్ల ఈపాటికి నడుస్తూ ఉండాలి. ఫోన్ ఇంకా రాలేదు.

కనుక, ఆనపకాయంత లెన్సు మీద కుడిచెయ్యి వేసి, ఎడమచెవి మా ఆవిడ చేతికిచ్చి, ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. రోడ్డు మీద ఫోటోలు తీయడం మానను. నా హక్కు కాదన్నవాడితో వాదించడమూ మానను. కానీ నన్ను వెళ్లిపొమ్మని దండం పెట్టే మనిషి ఎదురైతే, స్టాండు భుజాన వేసుకుని, సూర్యుడు ఏ మేడ మీద ఎంత అందంగా పడుతున్నా సరే, అతను రెండోసారి అడక్కముందే మెట్రో స్టేషన్ మెట్లెక్కుతాను. ఇక నా ఫోటోలంటారా, పెద్దవి చేసి ఎవరికీ చూపించను. కావలసినవాళ్లు కళ్లద్దాలు తెచ్చుకోవాలి.