రెండో ప్లేటు ఉగ్గాని

మా ఆవిడ శారదకీ నాకూ పందెం కుదిరాక గానీ మేము ఆదోని ప్రయాణం కట్టలేదు.

మాది తెనాలి. బజారులో నాకు బట్టల కొట్టుంది. కొట్టుకి ఆనుకుని, వీధివైపు తలుపున్న చిన్న గది ఒకటుంది. అందులో పంచెల తాన్లూ, అమ్ముడుపోని దుప్పట్లూ పేర్చి పెట్టాం. పిల్లలిద్దరూ ఉద్యోగాల్లో కుదురుకున్నాక, ఆ గదిలో టిఫిన్ సెంటర్ పెడతానంది శారద. పెట్టు, ఎవరు కాదన్నారు? ఇడ్లీ పెట్టు, పెసరట్టు పెట్టు అన్నాను. కాదు, ఉగ్గాని పెడతానంది. నాకు గుండె ఆగినంత పనైంది.

తెలియనివాళ్ళకి చెబుతున్నాను. మేం మరమరాలనేవాటిని కర్నూలు వైపు బొరుగులంటారు. వాటిని నీళ్ళలో నానేసి, గట్టిగా పిండేసి, పోపులో కలిపితే ఉగ్గాని. శారద తండ్రి బ్యాంకు ఉద్యోగి. ఆయన బదిలీల వల్ల ఆవిడ పదో తరగతి దాకా ఆదోని దగ్గరి ఎమ్మిగనూరులో పెరిగింది. పెళ్ళైన దగ్గర్నుంచీ నెలకోసారి ఆదివారం పూట ఉగ్గాని చేస్తూనే ఉంది, నేను తడిసిన దూది తిన్నట్టు తింటూనే ఉన్నాను. ఆ పదార్థాన్ని డబ్బులిచ్చి కొనుక్కునేవాడు తెనాలిలో పుట్టలేదని నా గట్టి నమ్మకం.

"అక్కడిది తింటే మీరిలా అనరు," అంటుంది తను.

"అయితే పద. అక్కడ తిని నా అంతట నేను రెండో ప్లేటు అడిగితే ఆ గది నీది," అన్నాను. పోయేదేం లేదన్న ధీమాతోనే అన్నాను.

కొట్టు మా తమ్ముడు ప్రసాదుకి అప్పజెప్పి, నవంబరులో ఒక సాయంత్రం గుంటూరు వెళ్ళి గుంతకల్లు వైపు పోయే రాత్రి బండెక్కాం. తెల్లారేసరికి గుంతకల్లు. టీ తాగి, ఏడు దాటాక ఆదోని మీదుగా పోయే బండి పట్టుకున్నాం. జనరల్ పెట్టెలో ఎదురుగా ఒక ముసలాయన, తలకి తువ్వాలు చుట్టుకుని, వేరుశనక్కాయలు ఒలుస్తూ కూర్చున్నాడు.

"యాడికి పోతాండారు సార్? పత్తి బ్యారమా?" అన్నాడు.

"కాదు, ఉగ్గాని తిందామని."

ఆయన ఒలవడం ఆపేశాడు. "యాడ నుంచి?"

"తెనాలి నుంచి."

"దానికోసరం రైలెక్కి వచ్చినారా! మేము లేస్తానే తినేదే కదప్పా అది," అని చాలాసేపు నవ్వుకున్నాడు. దిగేటప్పుడు మాత్రం, ఆదోని స్టేషను బయట బజ్జీల బాణలి ఎక్కడ కాగుతుంటే అక్కడే కూర్చోమనీ, చల్లారిన బజ్జీ పెట్టేచోట కూర్చోవద్దనీ జాగ్రత్త చెప్పి మరీ దిగాడు. ఈ దారిన వెళ్ళేవాళ్ళు ఆయన మాట గుర్తుపెట్టుకోండి. గుంతకల్లులో ఆకలేసినా ఏమీ తినకండి.

ఆదోనిలో దిగగానే కనబడేవి గుట్టలు. ఊరి నెత్తిమీద గుండ్రాళ్ళు ఒకదానిమీద ఒకటి నిలబడి ఉంటాయి. వాటికింద ఊరు ఏ బెంగా లేకుండా తన పని తాను చేసుకుంటోంది. పత్తి లారీలు, బురఖాల్లో బడికి పోయే ఆడపిల్లలు, గోనెసంచుల బండ్లు. స్టేషను దగ్గర్లోనే బాణలి కాగుతున్న హోటలు దొరికింది. రేకుల పందిరి, నాలుగు బల్లలు. లుంగీ మీద తెల్ల బనీను వేసుకున్న హోటలాయన మమ్మల్ని చూడగానే "రాండి సార్, కూసోండి" అన్నాడు. ఇడ్లీ ఉందా అని అడిగాను. శారద నా కాలు తొక్కింది.

ప్లేటు వచ్చింది. పసుపు రంగు బొరుగులు, మధ్యమధ్య వేగిన ఉల్లిపాయ, పైన పుట్నాల పొడి, పక్కన రెండు పొడుగు మిరపకాయ బజ్జీలు. నేను ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాను, మొహం ఎలా పెట్టాలో ముందే సిద్ధం చేసుకుని. కానీ అది దూది కాదు. బొరుగు పైకి మెత్తగా ఉంది, లోపల ఇంకా కొంచెం పట్టు మిగిలే ఉంది. పుట్నాల పొడిలోని ఎండుకొబ్బరీ వెల్లుల్లీ నాలుకకి తగిలాయి, వెనకే నిమ్మకాయ పులుపు. బజ్జీ తుంచి అందులో కలుపుకుని తినమన్నాడు హోటలాయన. కలుపుకున్నాను. ముక్కులోంచి నీళ్ళు కారాయి. ఎంత సుఖంగా ఉందో చెప్పలేను.

"అన్నా, ఇంకో ప్లేటు!" అన్నాను.

అన్నాక గుర్తొచ్చింది పందెం. మెల్లగా శారద వైపు చూశాను. గదిని కోల్పోయినవాడిలా నిట్టూర్చి, "సరే, ఓడిపోయాను. గది నీది," అన్నాను.

ఆవిడ తల అడ్డంగా ఊపింది. "ఇది లెక్కలోకి రాదు. ఈయన చేతిది బాగుంటుందని నాకు తెలుసు. రేపు ఆ గదిలో వండాల్సింది నేను. నా చేతిది తిని అడగండి, అప్పుడు తీసుకుంటాను."

పందెంలో నెగ్గినవాళ్ళు ఇలా మాట్లాడటం నేనెక్కడా చూడలేదు. రెండో ప్లేటు తింటున్నంతసేపూ ఆవిడ బొరుగుల్ని వేళ్ళతో నలిపి చూసుకుంటూ, "నాకెందుకిలా రావు?" అని తనలో తను అనుకుంటూనే ఉంది.

తొమ్మిదిన్నరకి ఎమ్మిగనూరు బస్సెక్కాం. గంట పైచిలుకు ప్రయాణం. నల్లరేగడి చేలల్లో పత్తి తీతలు సాగుతున్నాయి. రోడ్డు పక్క కంపచెట్ల ముళ్ళకి పత్తి పీచు తగులుకుని ఉంది. బస్సులో సగం మంది తెలుగు, సగం మంది కన్నడం, కొందరు ఒకే మాటలో రెండూ. శారద పక్కన కూర్చున్న కౌతాళం ఊరావిడ "ఎవురింటికి పోతాండావక్కా?" అని అడిగింది. "నూర్జహాన్ అని, నా సావాసగత్తె. ఇస్కూల్లో ఒకే బల్ల మీద కూసునేటోళ్ళం," అంది మా ఆవిడ. ఊరు దగ్గరయ్యేకొద్దీ ఆవిడ భాష మారిపోతోంది. నేను ఉన్నానన్న సంగతే మరిచిపోయింది.

నూర్జహాన్ బస్టాండుకే వచ్చింది. "ఎంత లావైనావు మే!" అని ఒకరు, "నువ్వేం సన్నగున్నావా మే!" అని ఇంకొకరు. నా వైపు తిరిగి, "బాగుండావా అన్నా? మా శారదకు బువ్వ బాగానే పెడతాండావు," అంది. భర్త మహబూబ్ బాషాకి పరుపుల షాపు. నాకు బట్టల కొట్టు. ఇద్దరం దుప్పటి అంచు పట్టుకుని చూస్తే చాలు, గంటలు గడిచిపోతాయి. ఇంటి పక్క నేతపని వాళ్ళ ఇళ్ళు. పగలంతా మగ్గాల చప్పుడు. మధ్యాహ్నం జొన్నరొట్టె, గుత్తివంకాయ కూర పెట్టారు. రాత్రి బాషా షాపు పరుపు మీద పడుకున్నాం, ఆదోని పత్తి నింపిందట. నా నడుము నొప్పి ఆ రాత్రికి నన్ను వదిలేసింది.

మర్నాడు పొద్దున వంటింట్లోకి శారద వెళ్ళింది. నూర్జహాన్‌ని బయట కూర్చోబెట్టింది. బొరుగులు ఊళ్ళోవే, పుట్నాల పొడి నూర్జహాన్ కొట్టినదే, పొయ్యీ ఆవిడదే. ఇక కుదరకపోవడానికి సాకు లేదు. నేనూ బాషా పక్కింటి నేతాయన దగ్గర తువ్వాళ్ళు చూస్తున్నాం. "ఏవండీ, రండి!" అని కేక వినబడింది. వస్తున్నానన్నాను. అంచు రంగు గురించి ఇంకో మాట, తర్వాత మరో మాట. ఇంకోసారి కేక. వెళ్ళి కూర్చునేసరికి కొంత ఆలస్యమైంది.

ప్లేటు చూడగానే తెలిసింది. తెనాలి ఆదివారం ఉగ్గానే. ముద్దలు ముద్దలుగా, మెత్తగా, నీరసంగా. ఆవిడ ఎదురుగా నిలబడి నా మొహమే చూస్తోంది. గబగబా తినేసి, "ఇంకో ప్లేటు పెట్టు," అన్నాను.

ఆవిడ నా చేతిలోంచి ప్లేటు తీసేసుకుంది. "మొహమాటానికి అడక్కండి." ప్లేటు పక్కన పెట్టి, "గది వద్దులెండి. దుప్పట్లే ఉండనివ్వండి," అంది.

మామూలుగా అయితే నేను పండగ చేసుకోవాలి. కానీ ఆదోనిలో ఆ ప్లేటు తిన్నాక నా పరిస్థితి మారిపోయింది. తెనాలిలో అది దొరకకపోతే దాని కోసం ప్రతిసారీ రెండు రైళ్ళు మారాలి. అంతకన్నా, ఆవిడ గ్లాసులూ గిన్నెలూ సర్దుతున్న తీరు నేను చూడలేకపోయాను. ఇన్నాళ్ళలో నన్ను ఆవిడ అడిగింది ఆ ఒక్క గదే.

నూర్జహాన్ గిన్నెలోంచి చిటికెడు నోట్లో వేసుకుంది. "ఉప్పు బాగుంది. కారం బాగుంది. బొరుగులు ఎప్పుడు నానేసినావు మే?"

"ఈయనకు కేకేసినప్పుడు."

"ఈయన వచ్చిందెప్పుడు?"

ఆ ఇద్దరూ ఒక్కసారిగా నా వైపు తిరిగారు. బాషా పైకప్పు వంక చూస్తూ గడ్డం నిమురుకున్నాడు.

"మనుషులు రావాలని నానేస్తారా ఎవురన్నా? మనుషులు కూసుంటేనే కదా నానేసేది!" అంది నూర్జహాన్. "మా అత్త ఉన్నన్నాళ్ళూ ఇంటిల్లిపాదీ వరసగా కూసుంటే గాని సెంబు ముట్టేది కాదు. పోపు ముందే సిద్ధం. అందరూ కూసున్నాక, నీళ్ళు పోస్తాండా అని కేకేసేది. ఆ కేక ఇన్నాక ఎవురూ లేసేదానికి లేదు. నువ్వు మా ఇంట్లో తిన్నావు గాని, వంటింట్లోకి యాడ వచ్చినావు మే?"

శారద నుదురు కొట్టుకుంది. ఆ కేక తనకి బాగా గుర్తుందట. ముసలావిడ ఏదో అలవాటుగా అరుస్తుందనుకునేదట గానీ, వంటకీ దానికీ సంబంధం ఉందని ఎప్పుడూ అనుకోలేదట.

మా తిరుగు బస్సు సాయంత్రం. మూడున్నరకి శారద మళ్ళీ పొయ్యి ముట్టించింది. బాషా వెళ్ళి పక్కింటి మగ్గాల వాళ్ళని పిలుచుకొచ్చాడు. చాపల మీద వరసగా కూర్చున్నారు. నన్ను చిట్టచివర, గోడ మూలకి కూర్చోబెట్టారు, లేవడానికి దారి లేకుండా. బజ్జీలు నూర్జహాన్ వేస్తోంది. పోపు ఘాటు ఇల్లంతా నిండింది. అప్పుడు వంటింట్లోంచి మా ఆవిడ గొంతు, నేను ముందెన్నడూ విననంత గట్టిగా:

"నీళ్ళు పోస్తాండా!"

అందరూ నవ్వారు. ఒక నేతాయన, "కూసున్నాంలేమ్మా, నీళ్ళు పొయ్!" అన్నాడు.

వడ్డన నా దాకా వచ్చేసరికి గిన్నె తేలికైపోయింది. నాకు పడింది చిన్న ముద్దే. నోట్లో పెట్టుకున్నాను. లోపల పట్టు ఉంది. ఆదోనిదానికి ఏమీ తీసిపోలేదు. నిజం చెప్పాలంటే కొబ్బరి ఇంకాస్త ఎక్కువ వేసింది, అది నాకు మరీ నచ్చింది. మూడు వేళ్ళతో అంతా ఊడ్చేసి, "శారదా, ఇంకో ప్లేటు!" అన్నాను. ఈసారి నాకు పందెం గుర్తే లేదు.

"అయిపోయింది," అన్నాడు నేతాయన, రెండోసారి పెట్టించుకున్న తన ప్లేటుని కొంచెం అవతలికి జరుపుకుంటూ.

శారద ఖాళీ గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకూ తిరిగాయి గానీ నేను బజ్జీ మీదికి నెట్టేశాను.

నూర్జహాన్ బొరుగుల మూట ఒకటి కట్టిచ్చింది. బస్టాండులో సెలవు తీసుకుంటూ, "అన్నా, కేకేస్తే రావాల!" అని నన్ను మళ్ళీ హెచ్చరించింది. ఆదోని చేరేసరికి దీపాలు పెట్టారు. గుంతకల్లులో మళ్ళీ బండి మారాం.

తెల్లవారుతుండగా మెలకువ వచ్చింది. శారద అప్పటికే లేచి కిటికీ దగ్గర కూర్చుని ఎదురు సీటావిడతో మాట్లాడుతోంది. ఆ మూటలో ఏముందని ఆవిడ అడిగినట్టుంది. "బొరుగులండీ. తెనాలిలో మాకు ఉగ్గాని హోటలుంది. బజారులో బట్టల కొట్టు పక్కనే," అంటోంది మా ఆవిడ. వినడానికి నాకు బాగానే ఉంది.

"బల్లలు ఎన్ని పడతాయి అందులో?" అన్నాను లేచి కూర్చుంటూ.

"రెండు. ఎనిమిది మంది. ఎనిమిది మందీ కూర్చున్నాకే నీళ్ళు పోస్తాను."

"మరి నాకు కొట్లోకి పంపించు. బేరం వదిలి రాలేను కదా."

"ఎవరైనా సరే వచ్చి కూర్చోవాల్సిందే."

ఇక బేరం లేదని అర్థమైంది. కడుపులో ఆకలి మొదలైంది. "పోనీ, ఇవాళ ఇంటికెళ్ళగానే చేస్తావా?" అన్నాను.

"గది ఖాళీ అయ్యాక చేస్తాను," అంది నవ్వకుండా.

గుంటూరు ఇంకా రాలేదు. ఫోను తీసి మా తమ్ముడిని లేపాను.

"ప్రసాదూ, కొట్టుకెళ్ళి పక్కగదిలో పంచెల తాన్లు, దుప్పట్లు అన్నీ మేడమీదికి ఎక్కించు. మేం వచ్చేలోపు గది కడిగించి ఉండాలి."

వాడు కంగారుపడ్డాడు. "ఏమైందన్నయ్యా, ఇంత పొద్దున్నే?"

"ఏం కాలేదురా," అన్నాను. "ఆకలేస్తోంది."