పాత పంపుకు కొత్త రంగు

పంతొమ్మిది వందల అరవైల నడుమ, వానలు వరుసగా రెండేళ్లు మొహం చాటేసిన కాలంలో, నేను గుంతకల్లులో చిన్న ప్రసూతి ఆసుపత్రి నడిపేదాన్ని. ఆసుపత్రి అంటే నాలుగు మంచాలు, ఒక ఆయా, నేను. మా ఆయన రైల్వేలో గార్డు. పల్లెల్లో కాన్పు కష్టమైందని కబురొస్తే నేను ఎద్దుల బండిలో చేరేసరికి ఆలస్యమైపోయిన సందర్భాలు రెండున్నాయి. ఆ రెండోసారి నేను మూడు రోజులు సరిగా అన్నం తినకపోవడం చూసి, బదిలీ మీద వెళ్లిపోతున్న ఒక ఆఫీసరు దగ్గర పాత కారు తక్కువకు కొన్నారు మా ఆయన. నేనే నడపడం నేర్చుకున్నాను. మొదట్లో జనం ఆగి చూసేవాళ్లు. నెల తిరిగేసరికి చూడటం మానేశారు.

నడపడమైతే వచ్చింది గానీ, ఆ ముందు రేకు కింద ఏముందో నాకు ఏమాత్రం తెలియదు.

ఒక ఎండాకాలం కణేకల్ దగ్గర పల్లెలో కవల పిల్లల కాన్పు చేసి తిరిగి వస్తున్నాను. తల్లీ పిల్లలూ క్షేమం. అలసిపోయినా మనసు తేలిగ్గా ఉంది. దారిలో ఇంజనులోంచి ఆవిరి పొగలు పొగలుగా లేచింది. ఆగుతూ ఆగుతూ ఎలాగో తర్వాతి ఊరి దాకా లాక్కొచ్చాను. రోడ్డు పక్కన రేకుల కొట్టంలో ఒక మెకానిక్కు ఉన్నాడు. నలభై ఏళ్లుంటాయి. కొట్టం వెనకే ఇల్లు. అతను రేకెత్తి చూసి, ఇంజనుకు నీళ్లు తిప్పే పంపు పోయిందని, కొత్తది తన దగ్గరే ఉందని చెప్పాడు. అతని భార్య నన్ను ఇంట్లో కూర్చోబెట్టి, కుండ అడుగు నుంచి ముంచి చెంబెడు నీళ్లిచ్చింది. ఆ రోజుల్లో అక్కడ చెంబెడు నీళ్లంటే ఆడవాళ్లు మైలు దూరం నడిచి తెచ్చుకున్నవి.

రెండు గంటల తర్వాత పిలిచి చూపించాడు. పంపు వెండిలా మెరుస్తోంది. పంపుకు అరవై, పనికి ముప్పై, మొత్తం తొంభై రూపాయలన్నాడు. నా చేతిలో నలభై ఉన్నాయి. అవి ఇచ్చి, మిగతాది మర్నాడు బస్సు కండక్టరు చేత పంపాను. బేరమాడాలని కూడా తోచలేదు.

పదిహేను రోజులకు మా ఇంటి ముందే కారు మళ్లీ ఆవిరి కక్కింది. పక్కింట్లో రైల్వే షెడ్డులో ఫిట్టరుగా చేసి రిటైరైన సాయిబు తాత ఉండేవాడు. చూపు తగ్గి పనులు మానుకున్నాడు గానీ మా కోసం లేచి వచ్చాడు. పంపు విప్పించి, కిరసనాయిల్లో ముంచిన గుడ్డతో తుడిచాడు. రంగు గుడ్డకు అంటుకుంది. లోపల తుప్పు. వేలితో అంచు తడిమి చూశాడు.

"ఈ అతుకు నేను పెట్టిందేనమ్మా," అన్నాడు. "పోయిన చలికాలం మీ ఆయన తెచ్చిస్తే నేనే అతికినా. ఇది నీ పాత పంపే."

తొంభై రూపాయలు నాకు చిన్న మొత్తం కాదు. అయినా నన్ను కుదిపింది అది కాదు. నేను వాళ్లింట్లో కూర్చుని వాళ్ల నీళ్లు తాగుతూ ఉంటే, అతను అవతల కూర్చుని పాత పంపుకు రంగు వేశాడన్నమాట. మా ఆయన మండిపడ్డారు. నలుగురిని వెంటబెట్టుకుని వెళ్తానన్నారు, పోలీసులకు చెప్తానన్నారు. మోసపోయింది నేను, నేనే వెళ్తానని పట్టుబట్టాను. ఆదివారం పంపును సంచిలో వేసుకుని బస్సెక్కాను.

కొట్టంలో ఒక్క బండీ లేదు. పనిముట్ల మీద దుమ్ము పేరుకుని ఉంది. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. నా చేతిలోని సంచిని చూశాడు. నేను పంపు తీసి బల్ల మీద పెట్టాను.

"ఇది కొత్తదేనా అప్పా?" అని అడిగాను.

బుకాయిస్తాడని, దానికి జవాబులన్నీ బస్సులోనే సిద్ధం చేసుకున్నాను. అతను తల వంచుకుని, "కాదమ్మా, పాతదే," అన్నాడు.

ఎందుకు చేశావని అడిగితే మెల్లగా చెప్పుకొచ్చాడు. నేను వచ్చేసరికి నలభై రోజులుగా ఒక్క బండీ ఆగలేదట. ఉన్న ఒక్క పాడి ఎనుము మేత లేక చిక్కిపోతోందట. నేనిచ్చిన డబ్బుతో మేతా, రెండు మూటల జొన్నలూ కొన్నాడట. చెప్పడం అయిపోయాక తలెత్తి నన్ను సూటిగా చూశాడు.

"మీరు సూదేస్తారు. దాంట్లో ఏముండాదో మేం అడుగుతామా డాక్టరమ్మా? ఎంతంటే అంత ఇచ్చి వస్తాం. కారుండే మనిషి, ఈమె కూడా అడగదులే అనుకున్యా."

ఒళ్లు మండింది. దానికీ దీనికీ పోలికేమిటని నోటిదాకా వచ్చింది. కానీ అనలేకపోయాను. అంతకు నెల ముందు గొర్రెలు కాచుకునే దంపతులు కాన్పుకు వచ్చారు. వాళ్లకు రెండు సీసాల టానిక్కు ఇచ్చి డబ్బు తీసుకున్నాను. ఆ టానిక్కు ఆమెకు అంత అవసరమూ కాదు, అది నేను కొన్నదీ కాదు. మందుల కంపెనీ మనిషి ఊరికే ఇచ్చిపోయిన సీసాలు. ఆసుపత్రి అద్దె కట్టాల్సిన వారం అది. వాళ్లు ఒక గొర్రెను అమ్మి నా ఫీజు ఇచ్చారు. ఆ సంగతి నాకు తప్ప ఇంకెవరికీ తెలియదు.

అందువల్ల అతని తప్పు తగ్గిపోలేదు. "నువ్వు చేసింది తప్పే," అన్నాను. గొంతులో నేను తెచ్చుకున్న కోపం మాత్రం లేదు.

"తప్పే," అన్నాడు.

కొత్త పంపైనా వేయాలి, డబ్బైనా ఇవ్వాలి అన్నాను. డబ్బు లేదు, వారం గడువిస్తే బళ్లారి పోయి పంపు తెస్తానన్నాడు. ఏం పెట్టి తెస్తావని నేను అడగబోతుంటే, తలుపు దగ్గర నిలబడి వింటున్న అతని భార్య అందుకుంది.

"ఆ రెండో జాకీ అమ్మేయ్. బండ్లే రాకుంటే రెండు జాకీలు దేనికి?"

అతను ఆమెకేసి కూడా చూడకుండా సరేనన్నాడు.

ఎనిమిదో రోజు పొద్దున బస్సు దిగి మా ఇంటికి వచ్చాడు. అట్టపెట్టెలో పంపు, దాని మీద అంగడి రశీదు. అడగకముందే ముందు రశీదు నా చేతికిచ్చాడు. సాయిబు తాత కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. నేను పక్కనే నిలబడి, ఏది ఎక్కడ బిగిస్తున్నాడో చెప్పమన్నాను. చెప్పాడు. ఒకచోట మర సరిగా పట్టలేదని తాత వేలు పెట్టి చూపిస్తే, విప్పి మళ్లీ బిగించాడు. తాత రంగు మాట ఎత్తలేదు. అతని వేళ్ల చురుకుతనం చూసి, ఇంత పని తెలిసినవాడివి షెడ్డులో ఎందుకు చేరలేదని మాత్రం అడిగాడు. చదువు లేదని తీసుకోలేదన్నాడు అతను.

అరవై పెట్టి కొత్త పంపు వేశాడు కనుక పనికి తీసుకున్న ముప్పై న్యాయమే అనుకున్నాను. భోజనం చేసి వెళ్లమంటే చాలాసేపు మొహమాటపడి తిన్నాడు. మా ఆయన ఆ పూట గదిలోంచి బయటికి రాలేదు.

తర్వాత ఒక సెలవు రోజున ఆ గొర్రెల కాపరులను వెతుక్కుంటూ వాళ్ల పల్లెకు వెళ్లాను. గుడిసెకు తడిక కట్టి ఉంది. మేత ఉన్న చోటికి మందను తోలుకుని ఎటో పోయారన్నారు. ఇంకో రెండుసార్లు కనుక్కున్నాను. వాళ్లు మళ్లీ నాకు కనిపించలేదు. అప్పటి నుంచి ఏ మందు ఎందుకిస్తున్నానో, దాని ఖరీదెంతో నోటితో చెప్పడం అలవాటు చేసుకున్నాను. ఇవన్నీ మాకెందుకమ్మా అని విసుక్కున్నవాళ్లూ ఉన్నారు.

మాకు బదిలీ అయ్యేదాకా, మరో మూడేళ్లు, ఆ మెకానిక్కు దగ్గరే కారు బాగుచేయించాను. నమ్మకం పూర్తిగా కుదిరిందని చెప్పలేను. పని జరిగినంతసేపూ పక్కనే నిలబడేదాన్ని. అతను దాన్ని తప్పుగా తీసుకోలేదు. విప్పిన భాగాలన్నీ గోనెపట్టా మీద వరసగా పేర్చి, ఒక్కొక్కదాని పేరూ, అదేం చేస్తుందో చెప్పేవాడు.

మరుసటేడు వానలు పడ్డాయి. ఆ చలికాలం నేను వెళ్లేసరికి కొట్టం ముందు రెండు లారీలు ఆగి ఉన్నాయి. అతను లారీ కింద నుంచి తల మాత్రం బయటికి పెట్టి, "వాళ్లు ముందొచ్చినారు, కూర్చోండి డాక్టరమ్మా," అన్నాడు. అతని భార్య పీట వేసింది. కూర్చున్నాను.