పంచెలోంచి జారిన పనసపొట్టు

కొత్తగా పెళ్ళయిన రోజుల్లో మగాడికి తనకు చేతకాని పని లేదనిపిస్తుంది. నాకైతే ఆ జబ్బు మరీ ముదిరింది. తాడేపల్లిగూడెంలో ఒక రైసుమిల్లులో సూపర్‌వైజరుగా చేరిన ఏడాదే కరెంటు రంపం కొని, అద్దె ఇంటి పెరట్లోని రేకుల షెడ్డులో వడ్రంగం మొదలుపెట్టాను. (అప్పటికి నేను తయారుచేసింది ఒక్క పీట. దానిమీద కూర్చున్నవాళ్ళు ఏదో ఒక పక్కకి ఒరిగేవారు.) చిక్కల్లా ఏమిటంటే, మా ఆవిడకి చిన్నప్పటినుంచీ ఆయాసం. రంపం తిరిగిన రోజు సాయంత్రానికల్లా ఆవిడ గుండెల్లో పిల్లికూతలు మొదలయ్యేవి.

ఆ వేసవిలో ఆవకాయ పెట్టడానికి కొల్లేటికోట నుంచి మా అత్తగారు వచ్చారు. కూతురి అవస్థ ఒక పూట చూశారు. "అల్లుడు గారూ, మీ సరదా కాదనడానికి నేనెవర్నండీ. ఆ రంపప్పొట్టు ఆగేదాకా పిల్లని మా ఇంటికి తీసుకెళ్తాను, అంతేనండీ" అన్నారు, నా కంచంలో ఇంకో గరిటె పప్పు వేస్తూ. ఆవిడ ఎంత మెత్తగా మాట్లాడితే మాట అంత గట్టిదని అప్పటికే నాకు తెలుసు. భార్యని పుట్టింటికి పంపి రంపంతో కాపురం చెయ్యడమా అని బెంగ పట్టుకుంది.

మిల్లులో తవుడు లాగే పాత బ్లోవరొకటి మూలపడి ఉంటే యజమానిని బతిమాలి తెచ్చాను. రంపం కింద గొట్టం పెట్టి, బ్లోవరు మూతిని కిటికీలోంచి పెరట్లోకి తిప్పి, దానికి నా పెళ్ళినాటి నూలుపంచెని సంచీలా కుట్టి కట్టాను. మిల్లులో తవుడు పట్టే సంచీ కూడా గుడ్డదే కదా అని నా ధీమా. పనసచెక్క పెట్టి స్విచ్చి నొక్కాను. షెడ్డు నేలమీద రవ్వంత పొట్టు లేదు. ఆ ఊపులో చెక్కంతా కోసేసి బయటికి వస్తే, మా అత్తగారు ఎండలో ఆరబోసిన ఆవపిండి దగ్గర నిలబడి ఉన్నారు. తవుడు ఆగే గుడ్డలో పనసచెక్క ధూళి ఆగలేదు. జల్లెడ పట్టినట్టు నేతలోంచి దిగి, పసుపుపచ్చటి పిండి మీద పసుపుపచ్చగా పరుచుకుంది. ఏది పొట్టో ఏది పిండో దేవుడికే తెలియాలి.

"మా వైపు ఆవకాయలో పనసచెక్క వెయ్యరండీ. గూడెంలో వేస్తారేమో నాకు తెలీదు" అన్నారు అత్తగారు. తరవాత లోపలికి చూసి, "అమ్మాయ్, బట్టలు సర్దుకో" అన్నారు.

మా ఆవిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని గుమ్మంలో నిలబడి నవ్వుతోంది. నవ్వుతూనే దగ్గింది. దగ్గు తగ్గాక మొహంలో నవ్వు లేదు.

"నేనెక్కడికీ రానమ్మా. ఆయనేమో సంచులు కుడతారు, నువ్వేమో బట్టలు సర్దమంటావు. ఆయాసం నాది కదా, నన్నొక్కరూ ఏమీ అడగరేం?" అని నా వైపు తిరిగింది. "టేకు కోస్తే నాకేమీ కాదండీ. పనస కోస్తేనే ఊపిరాడదు. అదీ మీరు కోసేటప్పుడు కాదు, ఆపాక నేను షెడ్డు తుడవడానికి వెళ్తే. కిందపడే పొట్టు కాదు, గాల్లో తేలే ఆ మెత్తటిది. తలుపేసి ఒక పూట ఆగి, మీరే తుడుచుకోండి."

అత్తగారూ నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఇద్దరికీ సిగ్గేసింది. ఆవిడ మళ్ళీ ఆవాలు దంచి, ఆవకాయ కలిపి, ఒక్కరే బస్సెక్కారు.

ఇప్పుడు షెడ్డులో పొట్టు లాగే కంపెనీ యంత్రం ఉంది. మాస్కూ నాదే, చీపురూ నాదే. పనసచెక్క జోలికి పోయి చాలా ఏళ్ళయింది. అయినా స్విచ్చి మీద చెయ్యి వేసే ముందు వంటింటి వైపు తిరిగి, "ఏమోయ్, టేకు కొయ్యనా?" అని కేకేస్తాను. "కొయ్యండి, తలుపేసుకోండి" అంటుంది. టేకుతో ఏమీ కాదని ఇద్దరికీ తెలుసు. జుట్టు నెరిసిన మొగుడు ఇలా అనుమతి అడుగుతుంటే నాకే నవ్వొస్తుంది గానీ, ఆ జవాబు వినందే రంపం తిప్పబుద్ధి కాదు.