కారు పడదు

హిందూపురంలో మోటార్ వైండింగ్ చేసే ఓబులేసు, ముచ్చటపడి బెంగళూరులో పాత స్పోర్ట్స్ కారు కొన్నాడు. సీట్లు చిరిగిపోయాయని రేసు కార్ల సీట్లు తెచ్చాడు. వాటికి రెండు పక్కలా గట్టి రెక్కలుంటాయి, మనిషిని నడుం దగ్గర బిగించి పట్టుకుంటాయి. మెకానిక్ అల్తాఫ్ అడిగాడు: "అన్నా, పక్క సీటు ఎవరి కొలతకు?"

"రెండూ నా కొలతకే చూసినా, బిగించబ్బా."

పెళ్లానికీ ఒక కొలత ఉంటుందని ఆ మహానుభావుడికి తట్టనే లేదు.

పెనుకొండలో పెళ్లికి బయలుదేరినప్పుడు భార్య సుంకమ్మ పట్టుచీరలో వచ్చి కూర్చోబోయింది. పట్టలేదు. పక్కకు తిరిగి, ఊపిరి బిగబట్టి చూసింది. వీధంతా చూస్తోంది. "నువ్వు కార్లో పో, నేను బస్సుకొస్తాలే" అని, చదివించడానికి కొన్న ఇత్తడి బిందెను ఆ సీట్లో పెట్టింది. బిందె చక్కగా పట్టింది.

మండపం దగ్గర పెళ్లికూతురి తల్లి నిలదీసింది: "ఏమన్నా, అంత కారు పెట్టుకోని వదినను యాడ వదిలినావు?"

అప్పుడే బస్సు దిగి, చెమట తుడుచుకుంటూ వచ్చిన సుంకమ్మ నవ్వింది.

"నాకు కారు పడదులేమ్మా, వాంతులైతాయి."

పట్టదు అనాల్సిన మాటను మొగుడి కోసం పడదు అని దిద్దింది.